కుడివైపు పలక

అతని భార్య చివరి మాట అతనితో మాట్లాడలేదు, చేపతో మాట్లాడింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. పక్కనే కుర్చీలో కూర్చుని చెవులారా విన్నాడు. రెండేళ్ళయింది, ఆ సంగతి గొంతులో ముల్లులాగే ఉంది, మింగుడు పడదు, కక్కితే రాదు. ఇప్పుడు మధ్యాహ్నం మూడు దాటాక వెనక వరండాలో దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీద పాత గాజు తొట్టిని ఎడమ పలక పైకి వచ్చేలా నిలబెట్టి, ముందు చతికిలబడ్డాడు కదా, ఈ పని కూడా ఆ చేప కోసమే. రెండేళ్ళుగా తన చేతి తిండి తింటూ, తను గదిలోకి రాగానే మొహం తిప్పుకునే చేప కోసం.

చేప పేరు అల్లుడుగారు. ఆ పేరు ఆమె పెట్టిందే. కూతురి పన్నెండో పుట్టినరోజుకి వేలెడంత ఉన్నప్పుడు ఇంటికి వచ్చింది, వచ్చిన రోజే అలిగి మూలకి తిరిగి కూర్చుంది, వేసింది ముట్టలేదు, తొట్టిలో రాయి కాస్త జరిపితే మూడు రోజులు దాని వెనకే దాక్కుంది. వచ్చాడమ్మా అల్లుడు, మర్యాదలు తక్కువయ్యాయని కోపం, అందామె. తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చిన అసలు అల్లుడు పాపం ఏది పెడితే అది తిని ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చునే రకం, ఆ పేరుకి పనికిరాలేదు, పేరు చేపకే ఉండిపోయింది. ఇప్పుడది జానెడున్నర పొడవు, నల్లటి ఒంటి మీద నిప్పులు చెరిగినట్టు ఎర్రటి మరకలు, ముందు గదిలో గోడ పొడవునా ఉన్న పెద్ద తొట్టిలో జమీందారులా తిరుగుతుంది. కిందటి వారం దాని నుదుటి మీద శనగగింజంత గుంట కనబడింది. ఫోటో తీసుకెళ్ళి చేపల కొట్టువాడికి చూపిస్తే వాడు ఫోటో కాదు, ఇతని మొహం చూశాడు. "చేపకి జబ్బు లేదు మేస్త్రీ, నీళ్ళకి జబ్బు. అంత జీవానికి ఆ చిటికెడు ఫిల్టరు ఏ మూలకి? కింద ఇంకో తొట్టి పెట్టు. పై నీళ్ళు దాంట్లోకి దిగాలి, స్పాంజీల్లోంచి నడవాలి, మోటారు మళ్ళీ పైకి తోయాలి. సంపు అంటాం మేము. పైపుల పని చేసిన చేతికి నేను చెప్పేదేముంది?" గుంట ఎముక దాకా తినడానికి నెల పడుతుంది, ఆ తర్వాత తన దగ్గర మందు లేదని కూడా చెప్పాడు. నెల. డాక్టరు కూడా ఆమె విషయంలో అంతే అన్నాడు, అంత తేలిగ్గానే అన్నాడు, పెన్ను మూత పెట్టుకుంటూ.

సంపు. నలభై ఏళ్ళు సంపులకి పైపులు వేశాడు, ఒక్కోదాంట్లో మనిషి దిగి ఈదొచ్చు. గాజుతో సంపు ఇదే మొదలు. కొత్త తొట్టి కొనమన్నాడు కొట్టువాడు, అతను వినలేదు, ఇంట్లో అటక మీద ఆమె మొదటి తొట్టి ఉండగా కొత్తదెందుకు. దీన్ని కట్టింది తనే. గాజు కొట్టులో నిలబడి ఐదు పలకలు తన కళ్ళ ముందే కోయించాడు, వంటగది గచ్చు మీద సిలికాను జిగురు పూసి అతికించాడు, అది ఆరేదాకా మూలలు పట్టుకోమని ఆమెని కూర్చోబెట్టాడు. కదిలావంటే తొట్టి వంకరొస్తుంది, తర్వాత నన్నని లాభం లేదు, అన్నాడు. ఆమె రెండు చేతులా రెండు మూలలు పట్టుకుని గంటసేపు కదల్లేదు. ముక్కు మీద దురద పెడితే గీరుకోలేక మొహం చిట్లించింది, కూతురొచ్చి గీరింది, ఇద్దరూ నవ్వారు. అతను నవ్వినట్టు గుర్తు లేదు. మూల మట్టం చూస్తున్నాడు.

మోటారు నీళ్ళలో ముంచేది కొనమన్నాడు కొట్టువాడు, అదీ వినలేదు. నీళ్ళలో కూర్చున్న మోటారుని అతను జన్మలో నమ్మలేదు. మోటారు బయట పొడిగా ఉండాలి, తొట్టి పక్క పలకకి రంధ్రం పెట్టి అందులోంచి నీళ్ళు లాగాలి. అవతలి పలకకి ఇంకో రంధ్రం, అక్కడో వాల్వు, తిప్పితే అడుగు మురికి పోవాలి. రెండు రంధ్రాలు. ఇనుముకి, రాతికి, కాంక్రీటుకి లెక్కలేనన్ని పెట్టిన చెయ్యి, గాజుకి ఒక్కటీ పెట్టలేదు. అందుకే గాజు కొట్టుకి వెళ్ళి పరువు పక్కన పెట్టి అడిగాడు. వాళ్ళు చెప్పింది రెండే మాటలు. బలం పెట్టొద్దు. పలక మామూలుదో, కొలిమిలో కాల్చి గట్టిపరిచిందో ముందు చూసుకో, గట్టిదైతే బిట్టు తగిలిన చోటే కాదు, పలకంతా ఒక్కసారిగా రాలిపోతుంది. చూసే తీరు కూడా చెప్పారు, పలక వెనక ఫోను వెలిగించి పెట్టి నల్ల కళ్ళద్దాల్లోంచి చూస్తే గట్టి గాజులో చారలు చారలుగా మచ్చలు తేలతాయట. ప్రతి పలకా చూడమన్నారు. పొద్దున ఎడమ పలక చూశాడు, మచ్చ లేదు, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తను కోయించి తను అతికించిన తొట్టి, ఐదూ ఒక తల్లి బిడ్డలే, కన్నవాడే పిల్లల్ని ఎవరని అడుగుతాడా?

పుట్టీని తాడులా సాగదీసి పలక మీద గుండ్రంగా కట్టలా అంటించాడు. అందులో గ్లాసుడు నీళ్ళు పోశాడు. బిట్టు అంటే కొన ఉండేది కాదు, వజ్రపు పొడి అంటించిన చిన్న గొట్టం, దాని అంచుతో నీళ్ళలో పలకని తాకించి డ్రిల్లు మిషను మెల్లగా తిప్పాడు. బిట్టు జారింది, వాలుగా పట్టి మళ్ళీ ఆనించాడు, చంద్రవంకలా గీత పడింది, మెల్లగా నిటారు చేశాడు, వంక వలయమైంది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. చెవుల్లో ఒకటే రొద, సన్నగా, పన్ను పీకే డాక్టరు గదిలో వినబడేలాంటిది, బలం పెట్టొద్దు, బలం పెట్టొద్దు, మిషను బరువే చాలు. చెయ్యి మాత్రం వినదు. చేతికి నేర్పిన విద్య ఒకటే, ఆనించి నొక్కడం. నొక్కితే వస్తుంది, రాకపోతే ఇంకా నొక్కు. పని దగ్గర అంతే, ఇంట్లో అంతే. పెళ్ళయిన ఏడాది ఆమె చేతిలోంచి ఫ్లాస్కు జారి పగిలింది, లోపలి వెండి పూత ముక్కలు గచ్చంతా పరుచుకున్నాయి, ఆమె వాటి మధ్య అలాగే నిలబడింది, కొత్త కాపురం, ఏం చెయ్యాలో తెలీక. చూసుకోనక్కర్లేదా, అన్నాడు. అక్కడితో ఆపిన వాళ్ళుంటారు. అతను ఆపలేదు. ఎవరింట్లోనైనా ఫ్లాస్కు కనబడితే మా ఇంట్లోనూ ఒకటుండేది అనేవాడు, నలుగురిలో అనేవాడు, వాళ్ళు నవ్వితే ఇంకోసారి అనేవాడు. కిందటిసారి ఎక్కడన్నాడు? ఆసుపత్రిలో. నర్సు వచ్చి వేడినీళ్ళకి ఫ్లాస్కు తెచ్చుకోండి అంది. ఉన్నది పెళ్ళయిన ఏడే పగిలింది కదమ్మా, అన్నాడు. ఎందుకన్నాడో ఇప్పటికీ తెలీదు. నాలుక మీద ఎప్పుడూ ఉండే మాట, తలుపు తీసి ఉంది, బయటికొచ్చింది. ఆమె గోడ వైపు తిరిగింది, సెలైను గొట్టం మెలిపడింది, నర్సు సరిచేసింది. దానికీ ఆమెనే కసిరాడు, తిరిగేటప్పుడు చూసుకోమని.

రొద మారింది. గట్టి మోత పోయి బోలుగా వినబడుతోంది, పలక తెగబోతోందన్నమాట. ఇక్కడే చెడగొట్టుకుంటారు జనం. అతను ఊపిరి బిగబట్టి మిషనుని దాదాపు గాలిలో తేలేలా పట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, ఆ చివరి రోజు ఆమె మంచం ముందు గదిలోకి మార్పించుకుంది, తొట్టి కనబడేలా. సాయంత్రం నాలుగు. అతను కుర్చీలో కూర్చుని మందుల చీటీలు తారీఖు వారీగా సర్దుతున్నాడు. చేప అద్దం దగ్గరికొచ్చి ఆమె వైపు చూస్తూ మూతి తెరిచి మూస్తోంది, పొద్దుట నుంచి దానికి తిండి పడలేదు, ఎవరికి గుర్తుంటుంది ఆ గొడవలో. ఆమె గొంతు ఆరిపోయి ఉంది, అయినా స్పష్టంగా అంది. "అల్లుడుగారూ, ఇక మీ తిండి మీరే చూసుకోవాలి. ఈయన వేళకి పెట్టరు." అని కళ్ళు మూసుకుంది. నిద్రనుకున్నాడు. చీటీలు సర్దడం పూర్తయ్యాక నీళ్ళు కావాలా అని అడిగాడు, అప్పుడు తెలిసింది. ఇరవై మూడేళ్ళ కాపురానికి అదీ ముగింపు, ఈయన వేళకి పెట్టరు, ఎదురుగా ఉన్న మనిషి గురించి లేని మనిషి గురించి చెప్పినట్టు. ఆ మర్నాటి నుంచి పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి, గడియారం చూసి మరీ పెట్టాడు. జ్వరమొచ్చినా పెట్టాడు. కూతురు రెండు రోజులు తన ఇంటికి రమ్మంటే చేప వంక పెట్టి వెళ్ళలేదు. చూసినవాళ్ళు పెళ్ళాం మీది ప్రేమంతా చేప మీద చూపిస్తున్నాడన్నారు. ప్రేమా లేదు గీమా లేదు. ఆ మాట అబద్ధమని తేల్చాలి. చచ్చినవాళ్ళతో పంతం ఏమిటంటే ఏం చెబుతాడు, వాళ్ళే కదా గెలిచిపోయేది, తిరిగి ఒక్క మాట అననివ్వకుండా.

టక్కుమంది. గాజు బిళ్ళ ఊడి తొట్టి లోపల పరిచిన గుడ్డ మీద పడింది. అంచులు నున్నగా, ఒక్క పెచ్చు లేకుండా, నాణెంలా. అతను దాన్ని తీసి నీళ్ళలో కడిగి ఎండకెత్తి చూశాడు, వంటింటి గుమ్మం వైపు తిరిగి "ఇదిగో చూడు" అన్నాడు. పైకే అన్నాడు. గుమ్మంలో ఎవరూ లేరు, కుళాయి కింద గిన్నె, దాని మీద ఈగ. రెండేళ్ళలో ఇలా ఎన్నిసార్లు అయిందో ఎవరికీ చెప్పలేదు, చెబితే జాలి పడతారు. బిళ్ళని కళ్ళద్దాలున్న జేబులోనే వేసుకున్నాడు. పైపు తగిలించే ట్యాంకు నిపుల్ తీసి రంధ్రంలో దూర్చాడు, రబ్బరు వాషరు నీళ్ళ వైపు, నట్టు బయటి వైపు, చేత్తో బిగిసినంత బిగించి పైన పావు తిప్పు, అంతే. ఎక్కువ బిగిస్తే పలకే పోతుంది. అందరూ తప్పు చేసే చోట తను చెయ్యలేదు. చేప బతుకుతుందేమో, నుదుటి గుంట పూడుతుందేమో, ఇంకో మూడేళ్ళు, నాలుగేళ్ళు, వేళ తప్పకుండా. అప్పుడు చెప్పొచ్చు. ఎవరికి అనేది ఆలోచించలేదు.

నిపుల్ నేలకి ఆనకుండా దుప్పటి మడతలు విడదీసి, తొట్టిని అటు తిప్పి కుడి పలక పైకి పెట్టాడు. అదే పుట్టీ, అదే గ్లాసుడు నీళ్ళు. ఈసారి చెయ్యి తేలిగ్గా ఉంది, దారి తెలిసిన ఎద్దులా. బిట్టు ఆనింది, వంక పడింది, వంక వలయం కాబోతోంది, ఇక్కడి సిలికాను గీత కాస్త సన్నగా ఉన్నట్టుంది, వయసొచ్చి కుంచించుకుపోయి ఉంటుంది, అనుకుంటున్నాడు.

చప్పుడు పగిలినట్టు లేదు, పేలినట్టుంది. చేతి కింద పలక లేదు. మిషను గాలిలో తిరుగుతోంది, ఆపడానికి క్షణం పట్టింది. నీళ్ళు, పుట్టీ, గాజు అంతా తొట్టి లోపలికి, అతని ఒళ్ళోకి, దుప్పటి మీదికి, వరండా చివర చెప్పుల దాకా. మణికట్టు మీద రెండు మూడు చోట్ల ఎర్రగా చుక్కలు. అరచెయ్యి చాపి చూసుకున్నాడు, అందులో పడ్డవి ముక్కలు కావు, పలుకులు. కలకండ పలుకుల్లా అన్నీ ఒకే సైజు, మొద్దు అంచులు. మామూలు గాజు ఇలా పగలదు, కత్తుల్లా పగులుతుంది. ఇది కొలిమిలో కాల్చిన గాజు. కాల్చిన గాజుని కోయడం ఎవరి వల్లా కాదు, తను ఆ రోజు కొట్టులో కోయించాడు, కళ్ళతో చూశాడు, గాజు గీసే చక్రం చప్పుడు కూడా గుర్తుంది. అంటే ఇది తను తెచ్చిన పలక కాదు. అంచున వేలాడుతున్న సిలికానుని గోటితో లాగాడు. సన్నటి గీత, నేర్పుగా గీసిన గీత, అంచు దగ్గర ఎక్కడా బొటనవేలి ముద్ర లేదు. తను సిలికాను వేలితో రాస్తాడు, ఎడమ పలక మూలల్లో తన వేలు ఉంది. ఇక్కడ లేదు. ఎవరో పనివాడు చేశాడు. తను లేనప్పుడు చేశాడు.

ఎప్పుడు? లేనిదెప్పుడు, కాపురమంతా ఇల్లు వదిలింది ఒక్కసారే, వేరే ఊళ్ళో ఆసుపత్రి కడుతుంటే పైపుల పనికి మూడు వారాలు. తిరిగొచ్చిన రోజు తెరలాగినట్టు కనబడింది, పదకొండేళ్ళుగా చూడకుండా అటకెక్కించిన రోజు. తొట్టి ఉన్న చోటే ఉంది. కింద పట్టా మాత్రం కొత్తది, పాతది చివికింది అంది ఆమె. కూతురు అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చిచ్చింది. పిల్ల చూపుడువేలికి గుడ్డ కట్టి ఉంది, ఏమిటంటే పెన్సిలు చెక్కుతుంటే తెగిందని ఇద్దరూ ఒకేసారి అన్నారు, ఒకే మాట, ఒకే గొంతు. దానికి వారం రోజులు బ్లేడు గురించి క్లాసు పీకాడు. చేప రంగు వెలిసిపోయి రాయి వెనక నక్కి ఉంది, తిండి ఎక్కువ వేసి పాడు చేశారన్నాడు, దానికి ఇంకో వారం. ఇద్దరూ తల వంచుకుని విన్నారు. వింటూ ఒకరినొకరు చూసుకున్నారు, అది బాగా గుర్తుంది, ఆ చూపు చూసి వీళ్ళకి బుద్ధి లేదనుకున్నాడు. ఇప్పుడు చూస్తున్నాడు ఆ మధ్యాహ్నాన్ని, తను లేని మధ్యాహ్నాన్ని. పలక భళ్ళుమనడం, నీళ్ళు గదంతా, గచ్చు మీద వేలెడంత చేప ఎగిరెగిరి పడటం, పిల్ల దాన్ని పట్టబోయి వేలు కోసుకుని ఏడవడం, ఆమె బకెట్టు తీసుకుని పరుగెత్తడం. నాన్నకి తెలిస్తే? తెలీదు. తెలియనివ్వను. ఫ్లాస్కు మాట మోసింది నేను, అది చాలు, తొట్టి పిల్ల నెత్తిన పడకూడదు. ఎవర్ని పట్టుకుందో, గాజు కొట్టుకి వెళితే కబురు పాకుతుందని, కొలత కుదిరిన ఏ షోకేసు అరనో ఊడదీయించి ఉంటుంది, అందుకే గట్టి గాజు. పనివాడు అతికిస్తుంటే మూలలు ఎవరు పట్టుకుని ఉంటారు? ఆమే పట్టుకుని ఉంటుంది. పిల్ల పక్కన కూర్చుని ఉంటుంది. నవ్వుకుని కూడా ఉంటారు చివరికి. మూడు వారాలు ఈ ఇంట్లో ఇద్దరు మనుషులు భయపడి, ఏడ్చి, గుట్టు చేసుకుని, ఒకరినొకరు కాపాడుకుని బతికారు, తలుపు తట్టగానే ఆపేశారు. ఆపిందెవరిని చూసి? యముణ్ణి కాదు. తనని. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆమె అదే చేప పక్కన కూర్చుని తనతో కలిసి తిన్నది, మంచాన పడ్డప్పుడూ నోరు విప్పలేదు. ఈ ఇంట్లో ఏదైనా చెప్పుకోవాలంటే చేపకి చెప్పుకోవడమే మిగిలింది.

ఇంకో పలక కోయించి అతికించే చేతులు కావివి, ఎడమ పలక మీద తను పెట్టిన నున్నటి రంధ్రం, అందులో నిపుల్, గోడలేని ఇంటికి గుమ్మంలా ఉంది. కొత్తది కొనే మనసు లేదు, ఇక బకెట్లే. రోజూ పాత నీళ్ళు తోడటం, కొత్తవి పోయడం, అది చాలదని అతనికి తెలుసు, కొట్టువాడికి తెలుసు. నెల. ముందు గదిలో చేప అద్దం దగ్గర ఉంటుంది ఈపాటికి, ఆరు కావస్తోందని దానికి తెలుస్తుంది. వేళకి పెట్టాడు. రెండేళ్ళు పెట్టాడు. ఏం ఒరిగింది.

ఫోను మోగింది. కూతురు. ఆఫీసు నుంచి బయల్దేరాక రోజూ చేస్తుంది, రెండు నిమిషాలు, తిన్నావా, మందులేసుకున్నావా. పలుకులున్న చేత్తోనే ఎత్తాడు. "తొట్టి పగిలింది" అన్నాడు.

"ఏ తొట్టి? పెద్దదా?"

"పాతది. సంపు చేద్దామని రంధ్రం పెడుతున్నా. నేనే పగలగొట్టాను, చెయ్యి బరువు పడింది."

అవతల ఏదో బండి హారను మోగింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఏ వైపు పలక నాన్నా?"

తొట్టి పగిలిందంటే ఎవరైనా దెబ్బ తగిలిందా అంటారు. ఏ వైపని అడగరు. ఇరవై మూడేళ్ళ పిల్ల గొంతులో పన్నెండేళ్ళ పిల్ల గుమ్మం పక్కన నిలబడి, గుడ్డ కట్టిన వేలు వెనక దాచుకుని అడుగుతోంది. నిజం అతని చేతిలోనే ఉంది, మొద్దు అంచులతో, చెమటకి అంటుకుని. నిజం చెప్పి మనిషిని కొట్టడం అతనికి కొట్టిన పిండి. "ఎడమ వైపుది" అన్నాడు. అబద్ధం నోటికి కొత్త, మందులా తగిలింది. కూతురు ఊపిరి వదలడం స్పష్టంగా వినబడింది. ఆ వెంటనే అన్నీ ఒకేసారి అడిగింది, దెబ్బ తగిలిందా, చెప్పులున్నాయా కాళ్ళకి, చేత్తో ఎత్తకు, ఆదివారం వచ్చి నేనూడుస్తా. అతను ఊఁ కొట్టాడు. ఇక పెట్టేస్తుందనుకున్నాడు. పెట్టలేదు.

"నాన్నా, నీకో మాట చెప్పాలి. ఎప్పటి నుంచో అనుకుంటున్నా. అమ్మ చెప్పొద్దంది గానీ... నువ్వు కోప్పడనంటే చెబుతా."

"తొట్టి గురించేనా?"

"ఊఁ."

వినొచ్చు. ఒక్క ఊఁ అంటే చాలు, పదకొండేళ్ళ గుట్టు విప్పేస్తుంది, ఏడుస్తుంది, తేలికపడుతుంది. ఇవాళ ఏమీ అనడు. రేపూ అనడు. కానీ అతనికి తన నోరు తెలుసు, ఎన్ని వాషర్లు మార్చినా కారే కుళాయిని పైపుల మేస్త్రీకి తెలిసినట్టు తెలుసు. ఏ ఏడాదికో, ఏ నలుగురి మధ్యో, పిల్ల చేతిలోంచి ఏ చెంచానో జారిన రోజున ఆ మాట దానంతటదే రాలిపడుతుంది, మీ అమ్మా నువ్వూ కలిసి ఆ రోజు, అని. ఫ్లాస్కుని ఆసుపత్రి దాకా మోసుకెళ్ళిన నోరు ఇది. పిల్ల ఎదురుచూస్తోంది.

"వద్దు" అన్నాడు. "చెప్పకు. ఆ తొట్టి మాట నా దగ్గర ఇక ఎత్తొద్దు. నేనూ ఎత్తను."